ఓర్వకల్లు, సీషెల్స్, కడప: మన రేడియో పేచీ వెనక కథ

మా చర్చి సంఘంలో రేడియో మాట మళ్ళీ లేచింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చున్న పెద్దలు, యవ్వనస్థులు, స్త్రీల సమాజం వాళ్ళు భోజనాల వేళ దాటినా లేవలేదు. కడపలో మన వాళ్ళ గొంతు వినిపించే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్ ఒకటి ఉండాలని, జీతాలు లేకుండా వాలంటీర్లే దాన్ని నడపాలని అందరూ ఒప్పుకున్నారు. పేచీ వచ్చింది రెండు చోట్ల. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలి, చర్చి ట్రస్టు పేరునా, కొత్తగా పెట్టే సొసైటీ పేరునా? మైకు ముందు ఎవరు కూర్చోవాలి?

సాయంత్రానికల్లా ఈ పేచీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. అనంతపురం, కర్నూలు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కుదరక, వెనకటి కథ రాసి పెట్టమని నన్ను అడిగారు. రెండు రోజుల్లో రాసింది ఇది.

లండన్ మిషన్ వాళ్ళు కడపకు ఎప్పుడు వచ్చారు, జమ్మలమడుగు ఆస్పత్రి ఎట్లా లేచింది, ఆకాశవాణి కడప కేంద్రం ఎట్లా మొదలైంది, ఇవన్నీ మన వాళ్ళకు తెలిసినవే. వదిలేస్తున్నాను. నా లెక్కలో ఈ గొడవ అసలు మలుపు 2003లో ఉంది. ఆ ఏడాది రెండు రేడియోలు ఆగిపోయాయి. ఒకటి హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో, ఇంకొకటి కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఉన్న ఓర్వకల్లులో. ఇవాళ మీటింగులో ఒకరి మీద ఒకరు గొంతు పెంచుతున్న రెండు పక్షాల్లో ఒకరు మొదటి రేడియోను తిరిగి తేవాలనుకుంటున్నారు, ఇంకొకరు రెండోదాన్ని. ఆ సంగతి వాళ్ళకే తెలియదు.

సీషెల్స్ రేడియో సంగతి పెద్దలకు బాగా గుర్తు. ఫెబా అనే క్రైస్తవ ప్రసార సంస్థ 1970 నుంచి అక్కడి షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లతో, అంటే ప్రసారాన్ని వేల కిలోమీటర్లు పంపగల యంత్రాలతో, ఆసియా, ఆఫ్రికా దేశాలకు ఎన్నో భాషల్లో ప్రసారం చేసింది. వాటిలో తెలుగు ఒకటి. కార్యక్రమాలు ఇక్కడే రికార్డు చేసేవాళ్ళు. ఆ మాటలు సముద్రం దాటి వెళ్ళి, మూడు వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణం చేసి మళ్ళీ మన ఇళ్ళకే వచ్చేవి. మా నాయన మర్ఫీ రేడియో చెవి దగ్గర పెట్టుకుని ముల్లు అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు. గరగర మధ్యలో ఒక కీర్తన పల్లవి వినపడితే చాలు, ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. వినేవాళ్ళు పోస్టు కార్డులు రాసేవాళ్ళు, జవాబు వస్తే దాన్ని బైబిల్లో దాచుకునేవాళ్ళు. గుడి లేని పల్లెల్లో, నెలకొకసారి కూడా పాస్టరు రాని చోట్ల, ఆ అరగంటే ఆరాధన. దీన్ని తక్కువ చేసే మనిషిని కాను.

2003లో సీషెల్స్ షార్ట్‌వేవ్ ఆగిపోయింది. అప్పటికే టీవీ ఇంటింటికీ వచ్చింది, షార్ట్‌వేవ్ వినేవాళ్ళు తగ్గారు. తర్వాత క్రైస్తవ టీవీ చానళ్ళు, యూట్యూబ్ ప్రసంగాలు వచ్చాయి. అయినా పెద్దల మనసులో రేడియో అంటే ఇప్పటికీ అదే: దూరం నుంచి వచ్చే ఒక గంభీరమైన గొంతు, కదలకుండా వినే ఒక ఇల్లు. అందుకే స్టేషన్ వస్తే పొద్దున గంట, సాయంత్రం గంట వాక్యం ఉండాలని, మిగతా సమయం కీర్తనలు వేయాలని, మాట్లాడేవాళ్ళను అయ్యగారు, అంటే పాస్టరు, ఎంపిక చేయాలని వాళ్ళు అడుగుతున్నారు.

ఇక ఓర్వకల్లు. ఆ మండలం పొదుపు సంఘాల పేరు రాష్ట్రమంతా తెలుసు. 2002 చివర్లో ఆ సంఘాల ఆడవాళ్ళు ‘మన రేడియో’ అని ఒకటి మొదలుపెట్టారు. ఊరి మేరకు వినపడే చిన్న ట్రాన్స్‌మిటర్, ఊరు దాటని శక్తి. మాట్లాడింది ఆ ఊరి ఆడవాళ్ళే, విన్నదీ ఆ ఊరి వాళ్ళే. కొన్ని నెలలు నడిచింది. 2003 మొదట్లో లైసెన్సు లేదని అధికారులు దాన్ని ఆపించారు. చట్టం ప్రకారం వాళ్ళ మాటా నిజమే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం అప్పటికి అమల్లో ఉన్నాయి. అనుమతి లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడమే నేరం.

కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. ఏడేళ్ళు గడిచాక, 2002 డిసెంబరులో, కమ్యూనిటీ రేడియోకు, అంటే ఒక చోటి జనం కోసం లాభం చూడకుండా నడిచే చిన్న రేడియోకు, కేంద్రం మొదటిసారి తలుపు తీసింది. తీసింది పేరున్న విద్యాసంస్థలకు మాత్రమే. అంటే యూనివర్సిటీలు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పిన ఆ చలికాలంలోనే, ఓర్వకల్లు ఆడవాళ్ళ రేడియో నోరు మూయించారు. చదువుకున్న వాళ్ళ గొంతుకు కాగితం దొరికింది, పొదుపు చేసుకునే వాళ్ళ గొంతుకు దొరకలేదు. రాయలసీమలో "రేడియో మన వల్ల అయ్యేది కాదు, పెద్ద ఆఫీసుల పని" అనే మాట పాతుకుపోయింది అప్పుడే అని నేను నమ్ముతాను. మా సంఘంలోనే ఈ ఆలోచన ఇంతకుముందు రెండుసార్లు లేచి అణిగిపోయింది. రెండుసార్లూ ఎవరో ఒకరు "ఓర్వకల్లులో ఏమైందో చూశారుగా" అన్నారు.

అదే 2002లో బ్రిటన్‌లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. పెద్దలు తరచూ "అక్కడ క్రైస్తవ రేడియోలు వాలంటీర్లే నడుపుతున్నారు కదా" అంటారు. నిజమే. కానీ అక్కడి ప్రభుత్వం ముందుగా పదిహేను చిన్న స్టేషన్లకు ప్రయోగం కోసం అనుమతి ఇచ్చింది. స్టోక్ ఆన్ ట్రెంట్ అనే ఊళ్ళోని క్రైస్తవ స్టేషన్ క్రాస్ రిథమ్స్ వాటిలో ఒకటి. ప్రయోగం ఎట్లా నడిచిందో చూసి 2004లో కమ్యూనిటీ రేడియోకు చట్టం చేశారు. చేసి చూపించమని అడిగిన చోటు అది. మన దగ్గర, ఓర్వకల్లులో, చేసి చూపించిన వాళ్ళ ట్రాన్స్‌మిటర్ ఎత్తుకుపోయారు.

మన చట్టం మారింది 2006లో. ఆ ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నాక, లాభం కోసం కాకుండా పనిచేసే సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్ళు సేవ చేసి ఉండాలి. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు, లాభం కోసం నడిచే సంస్థలకు, నిషేధించిన సంస్థలకు అర్హత లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎం వేలంలో మత సంస్థల చేతిలో ఉన్న కంపెనీలను పక్కన పెట్టారు గానీ, 2006 కమ్యూనిటీ రేడియో నియమాల్లోని అనర్హుల జాబితాలో మత సంస్థ అనే మాట లేదు. పెద్దలు పట్టుకున్నది ఈ పాయింటే. మన ట్రస్టు రిజిస్టరై ఎన్నో ఏళ్ళయింది, ఇవాళే దరఖాస్తు పెట్టవచ్చు, కొత్త సొసైటీ పెడితే ఇంకో మూడేళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి అంటున్నారు. బలమైన వాదనే.

అయితే అవే నియమాల్లో ఇంకొన్ని మాటలు ఉన్నాయి. స్టేషన్ ఒక స్థానిక సమాజానికి సేవ చేయాలి. దాని యాజమాన్యంలో ఆ సమాజం కనపడాలి. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, పర్యావరణం, సంస్కృతి, ఇట్లాంటి వాటికి పెద్దపీట వేయాలి. సగం కార్యక్రమాలైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. మత కార్యక్రమాలు పెట్టకూడదని లేదు, కానీ జనం మత విశ్వాసాన్ని సొమ్ము చేసుకోకూడదు, ఇతరుల విశ్వాసాన్ని నొప్పించకూడదు. ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు దాచి ఉంచాలి, అడిగితే చూపించాలి. బయటి దేశాల డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రసంగాలే వేసే స్టేషన్ ఈ జల్లెడలో నిలవడం కష్టం. ఎవరో ఒక్కరు ఫిర్యాదు పెడితే చాలు, దాచిన రికార్డింగులు బల్ల మీద పెట్టాల్సి వస్తుంది.

2024 ఫిబ్రవరిలో నియమాలను సవరించారు. అనుమతి గడువు పదేళ్ళకు పెరిగింది. గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటనకు పది సెకన్లకు 74 రూపాయలు ఇస్తారు. కరెంటు బిల్లుకు ఇది ఆసరా. మా మీటింగును వేడెక్కించింది మాత్రం ఇంకో సవరణ. స్టేషన్ సలహా, కార్యక్రమాల కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేటు కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది అని ఒక అమ్మాయి లేచి అడిగింది. జవాబు చెప్పడానికి కాసేపు ఎవరూ లేవలేదు.

స్త్రీల సమాజం వాళ్ళు ఏం అడుగుతున్నారో వాళ్ళ మాటల్లోనే పెట్టడం న్యాయం. మా సంఘంలో చాలామంది దళిత కుటుంబాల వాళ్ళు. రెండిళ్ళకు ఒకరు కువైట్‌లో ఉన్నారు. ఖద్దామా వీసా మీద, అంటే ఇరవయ్యో నంబరు వీసా మీద, ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళు ఎందరో. పద్దెనిమిదో నంబరు, అంటే కంపెనీ పని వీసా, అని చెప్పి ఏజెంటు ఇరవయ్యో నంబరు చేతిలో పెట్టిన కథలు ప్రతి సందులో వినపడతాయి. "పోయే ముందు పాస్‌పోర్టులో ఏం చూసుకోవాలో, అక్కడ జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పాలో, తిరిగొచ్చిన మా అక్కలు రేడియోలో చెప్పాల. అది సాక్ష్యం కాదా?" అని ఒకామె అడిగింది. సాక్ష్యం అంటే మా ఆరాధనలో లేచి తన బతుకులో జరిగింది చెప్పడం. ఆమె మూడేళ్ళు అక్కడ పనిచేసి వచ్చిన మనిషి. చీనీ తోటల్లో కూలి రేటు, రిమ్స్ ఆస్పత్రిలో ఏ వార్డుకు ఏ రోజు పోవాలి, పిల్లల స్కాలర్‌షిప్పుకు ఆఖరి తేదీ, వీటి మధ్య కీర్తనలు, ఆదివారం వాక్యం. పక్క వీధి ముస్లిం అక్క కూడా వచ్చి మాట్లాడగలగాలి అని ఇంకొకామె చేర్చింది. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ పాలకొండల ఇవతల పది పదిహేను కిలోమీటర్లు పోతుంది, కడప టౌను దాటి చెన్నూరు దాకా అనుకోండి. ఆ మేరలో ఉన్నది మన సంఘం ఒక్కటే కాదు కదా అన్నది వాళ్ళ మాట.

పెద్దల్లో కొందరికి ఇది నచ్చలేదు. సొసైటీ వేరైతే రేపు రాజకీయాల వాళ్ళు దూరతారని, సువార్త పక్కకు పోతుందని వాళ్ళ భయం. ఒక పెద్దాయన కళ్ళ నీళ్ళతో సీషెల్స్ రోజులు గుర్తుచేశాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, మా నాయన ముఖమే కనపడింది.

కానీ మూడేళ్ళు ఎవరు ఆగుతారు అన్న ప్రశ్నకు జవాబు తెలంగాణలో ఉంది. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, స్టూడియో కట్టుకున్నాక దాదాపు పదేళ్ళు లైసెన్సు కోసం చూశారు. ఆ పదేళ్ళూ ఊరుకోలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటలు, ముచ్చట్లు టేపుల మీద రికార్డు చేసుకుంటూ పోయారు, సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర వందల గంటల మాట సిద్ధంగా ఉంది. స్వచ్ఛంద సంస్థ చేతిలో నడిచిన మొదటి కమ్యూనిటీ రేడియో దేశంలో అదే. ఓర్వకల్లులో ఆగిన మాట మాచ్‌నూరులో మళ్ళీ మొదలైందని నాకు అనిపిస్తుంది.

మా స్త్రీల సమాజం వాళ్ళు ఈ వారం సండే స్కూల్ గదిలో ఫ్యాను ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫోన్లో రికార్డింగులు మొదలుపెట్టారు. ఇప్పటికి నాలుగు అయ్యాయి. మూడు కువైట్ కథలు, ఒకటి తొంభై ఏళ్ళ ముసలామె పాడిన పాత కీర్తన. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు సభ్యులు కావాలి. ఆరుగురు సంతకం పెట్టారు. ఏడో సంతకం పాస్టరమ్మగారిని అడిగారు. ప్రార్థన చేసి చెప్తానందట.