జీవితచరిత్రల సమీక్ష: నేను తరచూ వినే అపోహలు

రాజకీయ నాయకుల జీవితచరిత్రల మీద సమీక్షలు రాస్తుంటాను. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ల నుంచి వచ్చేవి దాదాపు ఇవే.

అపోహ: నాయకుణ్ణి కడిగిపారేస్తే అది నిజాయితీ గల పుస్తకం.

వాస్తవం: ఆధారాలు గట్టిగా ఉన్న పుస్తకం కూడా ఇంకోచోట జారిపోవచ్చు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన లిండన్ జాన్సన్ మీద రచయిత రాబర్ట్ కారో రాసిన జీవితచరిత్ర రెండో సంపుటం 1990లో వచ్చింది. 1948లో టెక్సస్ సెనేట్ సీటు కోసం డెమోక్రాటిక్ పార్టీలో జరిగిన పోటీ అందులో ప్రధానం. దాదాపు 10 లక్షల ఓట్లు పడితే జాన్సన్ గెలిచింది 87 ఓట్లతో. ఎలిస్ పట్టణంలోని 13వ నంబరు పెట్టెలో, పోలింగ్ ముగిసిన ఆరు రోజులకి 202 ఓట్లు పుట్టుకొచ్చాయి. వాటిలో 200 జాన్సన్‌వి. ఓటేసినవాళ్ల జాబితా చివర చేరిన ఆ పేర్లన్నీ ఒకే సిరా, ఒకే చేతిరాత, పైగా అక్షరక్రమంలో! ఇంత దగ్గరగా చూపించిన రచన అరుదు. దుమారం లేచింది మాత్రం ఓడిపోయిన కోక్ స్టీవెన్‌సన్ గురించి. వర్ణవివక్షను సమర్థించిన ఆ మాజీ గవర్నర్‌ని కారో మచ్చలేని మనిషిలా నిలబెట్టాడని పలువురు విమర్శకులు తప్పుపట్టారు. నాకూ అది న్యాయమైన ఫిర్యాదే అనిపిస్తుంది.

అపోహ: మంచీ చెడూ చెరిసగం ఉంటేనే సమతూకం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1965 జూలై 28న వియత్నాంలో సైన్యాన్ని 75 వేల నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు జాన్సన్ ప్రకటించాడు. తొమ్మిది రోజులు తిరిగేసరికి, ఆగస్టు 6న, నల్లజాతివారి ఓటుకు అడ్డుగోడలు తీసేసే చట్టం మీద సంతకం పెట్టాడు. దొంగ ఓట్లతో సెనేట్‌కి వెళ్లిన మనిషే! దీన్ని ఏ తక్కెడలో తూస్తాం? చట్టసభ సభ్యుల మెడలు వంచి బిల్లులు గెలిపించుకున్న మొండితనమే యుద్ధంలో వెనకడుగు వేయనివ్వలేదా? పుస్తకం ఈ ప్రశ్న జోలికి వెళ్లిందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

అపోహ: ఆ నాయకుడే ఖండించాడంటే పుస్తకం తప్పు.

వాస్తవం: న్యూయార్క్‌లో రోడ్లూ వంతెనలూ కట్టించి చక్రం తిప్పిన అధికారి రాబర్ట్ మోజెస్ మీద కారో 1974లో రాసిన పుస్తకానికి మోజెస్ 23 పేజీల ఖండన విడుదల చేశాడు. మరుసటి ఏడాది ఆ పుస్తకానికే పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా ఖండనల్ని నేను పక్కన పడేయను. ఒక్కో ఆరోపణ తీసుకుని, పుస్తకం చివర నోట్స్‌లో దానికి కాగితం చూపించారా, ఒక్క మనిషి మాటేనా అని వెతుకుతాను. దానికే రెండు రోజులు పడుతుంది.