విదేశంలో నెల రోజుల మకాం: తిండి, తిరుగుడు ఖర్చుల మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా ట్రావెల్ డెస్క్‌కు వచ్చేవాళ్ళలో పది రోజుల ప్యాకేజీ వాళ్ళతో నాకు బెంగ లేదు. వాళ్ళ టిఫిను, బస్సు అన్నీ ముందే కట్టేసి ఉంటాయి. చిక్కంతా నెల, రెండు నెలలు ఒకే నగరంలో ఉండొద్దామని బయల్దేరేవాళ్ళతోనే. కూతురికి సింగపూర్‌లో కాన్పు, కొడుక్కి లండన్‌లో చదువు, తమ్ముడికి దుబాయ్‌లో ఉద్యోగం. టికెట్‌కు, వీసాకు ఎంతయిందో పైసలతో సహా చెప్తారు. అక్కడ దిగాక తినేదానికి, తిరిగేదానికి ఎంత పెట్టుకున్నారని అడిగితే "ఏదో అయితాది లేప్పా" అంటారు. డబ్బు కరిగిపోయేది ఆ "ఏదో" దగ్గరే. నేను రోజూ వినే మాటలూ, వాటికి చెప్పే జవాబులూ కింద రాస్తున్నా. ఛార్జీలు ఏటా మారతాయి. ఇవి 2025 నాటి లెక్కలు, బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: రోజుకింత అనుకుని ముప్పైతో హెచ్చవేస్తే బడ్జెట్ వచ్చేస్తుంది.

రాదు. మొదటి వారం కొత్త కాపురం పెట్టినట్టే ఉంటుంది. ఉప్పు, నూనె, పసుపు, గిన్నెలు తోమే సబ్బు, సిమ్ కార్డు, ట్రావెల్ కార్డు అన్నీ ఆ వారంలోనే కొనాలి. దారి తెలీక రెండుసార్లు టాక్సీ ఎక్కుతారు, అలసిపోయి బయటే తింటారు. మూడో వారానికి ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఏ అంగట్లో టమేటాలు చవకో తెలిసిపోయి ఖర్చు దానంతటదే దిగొస్తుంది. చివరి వారం మళ్ళీ ఎక్కుతుంది, ఎందుకంటే అంతవరకూ వాయిదా వేసినవన్నీ అప్పుడే చూడాలనిపిస్తుంది.

అందుకే నేను లెక్క రోజుల్లో వేయను, వారాల్లో వేస్తా. మామూలు వారానికి ఎంత అనుకుంటారో మొదటి వారానికి దానికి ఒకటిన్నర రెట్లు పెట్టుకోమంటా. ఇంకో కారణం కూడా ఉంది: చాలా నగరాల్లో రవాణా ఛార్జీలు కూడా వారం లెక్కనే నడుస్తాయి. లండన్‌లో కాంటాక్ట్‌లెస్ కార్డు (యంత్రానికి చూపిస్తే చాలు డబ్బు పడే బ్యాంకు కార్డు) మీద వారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాటితే ఆ వారంలో ఎంత తిరిగినా పైసా పడదు. ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ప్యారిస్ నావిగో వారపు పాస్‌ది కూడా ఇదే పద్ధతి. గురువారం దిగి, ఆ నాలుగు రోజుల్లోనే ఊరంతా చుట్టేస్తే వారం పరిమితి వల్ల వచ్చే లాభం చేతికందదు. దూరపు తిరుగుళ్ళు ఉంటే సోమవారం తర్వాత పెట్టుకోండి. మొదటి నాలుగు రోజులు నిద్ర తీర్చుకుంటూ ఇంటి చుట్టుపక్కల నడవండి.

అపోహ: పాస్ తీసుకుంటే ఎప్పుడూ మిగులే.

పాస్ లాభం రోజూ తిరిగేవాళ్ళకు. అరవై దాటిన దంపతులు నెలలో సగం రోజులు ఇంట్లోనే ఉంటారు, వాళ్ళకు నెల పాస్ దండగ. లండన్‌లో పైన చెప్పిన పరిమితి దానంతటదే పనిచేస్తుంది, ముందుగా ఏమీ కొననక్కర్లేదు. న్యూయార్క్‌లో కూడా అంతే: ఏడు రోజుల్లో ఒకే కార్డుతో పన్నెండు సార్లు డబ్బు కట్టి ఎక్కితే ఆ పైన సబ్‌వే (అక్కడి భూగర్భ రైలు), లోకల్ బస్సు ఉచితం.

ఇక్కడ మనవాళ్ళు జారిపడే చోటు ఒకటుంది. ఒకరోజు కార్డు, ఇంకోరోజు అదే కార్డును ఫోన్‌లో పెట్టి చూపిస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు కార్డులు. రెండు లెక్కలూ సగం సగం నడిచి ఏదీ పరిమితి దాకా చేరదు. ఏది వాడితే అదే చివరిదాకా వాడాలి. లండన్‌లో భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డుతో పోవడం కూడా కుదరదు, ఎవరి కార్డు వాళ్ళకుండాలి. ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) దిగాక కార్డు చూపించకుండా బయటికొస్తే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. లండన్ బస్సులో ఎక్కేటప్పుడు చూపిస్తే చాలు. సింగపూర్ బస్సులో అయితే దిగేటప్పుడు కూడా చూపించాలి, మరిచిపోతే ఆ రూటు చివరిదాకా పోయినట్టు లెక్క కట్టేస్తారు.

జపాన్ రైల్ పాస్, అంటే ఆ దేశమంతా రైళ్ళలో తిరగడానికి ఇచ్చే పాస్, దాని సంగతి వేరే చెప్పాలి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. అంతకుముందు పోయొచ్చినవాళ్ళు "కళ్ళు మూసుకుని తీసుకో" అని ఇప్పటికీ సలహా ఇస్తూనే ఉన్నారు. టోక్యోలోనే ఉండేవాళ్ళకు అది అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

అపోహ: సీనియర్ సిటిజన్లకు అక్కడ బస్సు ఫ్రీ.

అక్కడి నివాసులకు. చూడ్డానికి పోయిన మనకు కాదు. లండన్‌లో అయినా, సింగపూర్‌లో అయినా పెద్దల రాయితీ కార్డు ఆ ఊరి వాళ్ళకే ఇస్తారు. చిన్నపిల్లల సంగతి మాత్రం నయం: లండన్‌లో పదకొండేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి బస్సు, ట్యూబ్ ఉచితంగా ఎక్కొచ్చు. మనవడితో పోతున్నారా, వాడి కోసం టికెట్ డబ్బు దాచకండి.

అపోహ: ఊరి చివర ఇల్లు తీసుకుంటే అద్దె మిగులుతుంది.

అద్దె మిగులుతుంది, నిజమే. ఆ మిగిలింది ఎక్కడికి పోతుందో చూడాలి. నా అనుభవంలో తిండి ఖర్చు, రవాణా ఖర్చు రెండూ ఇల్లు ఖాయం చేసిన రోజే ముప్పాతిక వంతు తేలిపోతాయి. వంటగది ఉందా, బస్ స్టాప్ నడిచిపోయేంత దగ్గరుందా, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయి? ఈ మూడూ అడక్కుండా ఫోటోలో మంచం చూసి బుక్ చేసేవాళ్ళే ఎక్కువ.

దూరంగా ఉన్నా బస్సు సౌకర్యం ఉంటే నష్టం లేదు. లండన్ బస్సుకు ఎంత దూరమైనా 1.75 పౌండ్లే, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. రోజంతా తిరిగినా 5.25 పౌండ్లు దాటదు. అంటే మూడు టికెట్ల ఖరీదు. ట్యూబ్ కంటే ఆలస్యం. కానీ నెల రోజులు ఉండేవాళ్ళకు తొందరేముంది? పై అంతస్తు ముందు సీట్లో కూర్చుంటే అది కూడా ఊరు చూడ్డమే. ఒక్కటి గుర్తుంచుకోండి, లండన్ బస్సుల్లో 2014 నుంచి చేతి డబ్బు తీసుకోరు.

అపోహ: వండుకుంటే పొదుపు, బయట తింటే మునిగిపోతాం.

ఊరిని బట్టి. లండన్, న్యూయార్క్‌లలో ఈ మాట నిజం. సింగపూర్‌లో తలకిందులు.

సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్ళను మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. నెల రోజులకు పోయేవాళ్ళకు సొంతవాళ్ళ ఇల్లు లేకపోతే హోటలో, సర్వీస్డ్ అపార్ట్‌మెంటో (హోటల్ లాగా నడిపే ఫ్లాటు) గతి. హోటల్ గదిలో వంట కుదరదు. అయినా కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే హాకర్ సెంటర్లున్నాయి. ఒకే కప్పు కింద వరసగా చిన్న చిన్న అంగళ్ళు, మధ్యలో బల్లలు. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో మన తిండి కూడా దొరుకుతుంది. అక్కడ బోర్డు మీద రాసిన ధరే కడతారు. అదే రెస్టారెంటుకు పోతే మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. పది శాతం సర్వీస్ ఛార్జీ, దాని పైన తొమ్మిది శాతం పన్ను అని వాటి అర్థం. వంద డాలర్ల భోజనానికి బిల్లు 119.90 వస్తుంది. తిన్నాక హాకర్ సెంటర్‌లో మీ ట్రే మీరే తీసుకెళ్ళి పెట్టాలి, వదిలేసి పోతే జరిమానా వేయొచ్చు.

న్యూయార్క్‌లో లెక్క ఇంకా ఘాటు. మెనూలో 20 డాలర్లని ఉంటే 8.875 శాతం పన్ను, 18 శాతం టిప్పు కలిపి 25 దాటుతుంది. లండన్ రెస్టారెంట్లలో చాలా చోట్ల 12.5 శాతం సర్వీస్ ఛార్జీ బిల్లులోనే కలిపేస్తారు. అది మీ ఇష్టం మీద ఆధారపడింది, తీసేయమని మర్యాదగా అడగొచ్చు. మనవాళ్ళకు నోరు రాదు, అది వేరే సంగతి. టోక్యోలో టిప్పు ఇచ్చే అలవాటే లేదు.

నీళ్ళ ఖర్చు ఎవరూ బడ్జెట్‌లో రాయరు. క్యాన్ నీళ్ళకు అలవాటు పడిన మనం అక్కడా బాటిళ్ళు కొంటూనే ఉంటాం. లండన్, సింగపూర్, టోక్యో, న్యూయార్క్‌లలో కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. ఇక్కడినుంచి ఒక స్టీల్ బాటిల్ పట్టుకుపోండి.

అపోహ: సరుకులన్నీ ఇక్కడినుంచే మోసుకెళ్తే తిండి ఖర్చు సున్నా.

బియ్యం, కందిపప్పు మోయడం వృథా ప్రయాస. అవి పై నగరాలన్నిట్లో దొరుకుతాయి. లండన్‌లో ఈస్ట్‌హామ్, వెంబ్లీ, దుబాయ్‌లో కరామా, బర్ దుబాయ్ పక్క మన సరుకుల అంగళ్ళు బోలెడు. మోయాల్సింది మన నాలుక వెతుక్కునేవి మాత్రమే: చెనిక్కాయల పొడి, పప్పుల పొడి, ఇంటి కారం, సంగటికి ఒక రెండు కిలోల రాగిపిండి. నాలుగు రోజులు రుచి లేని తిండి తిన్నాక ఐదో రోజు ఖరీదైన ఇండియన్ రెస్టారెంటు వెతుక్కుంటూ పోతాం. ఆ ఖర్చును ఆపేది ఈ పొడులే. కారం, ఊరగాయ చెక్-ఇన్ సంచిలోనే పెట్టండి, చేతి సంచిలో ఆపేస్తారు.

నిషేధాలు చూసుకోవాలి. దుబాయ్‌కి గసగసాలు అస్సలు తీసుకుపోకూడదు. అక్కడి చట్టంలో అవి మత్తు పదార్థాల కింద లెక్క. మాంసం మసాలా పొడిలో కలిపి దంచినా అంతే, మీ అమ్మ ఏం కలిపిందో అడిగి మరీ కట్టండి. బ్రిటన్‌కు మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు. అంటే నాటుకోడి వేపుడే కాదు, నెయ్యి, పాలకోవా కూడా పోవు. అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్ళే ముందు అక్కడి స్టవ్ ఏదో కనుక్కోండి, ఇండక్షన్ అయితే అది వేడెక్కదు.

అక్కడికి పోయాక మన సరుకులు మన అంగట్లో కొనండి. పాలు, గుడ్లు, కూరగాయలు ఆ ఊరివాళ్ళు కొనే సూపర్ మార్కెట్‌లో కొనండి. లండన్‌లో సాయంత్రం పూట పసుపు స్టిక్కర్ వేసి తగ్గించి అమ్మే సరుకులు ఆ రాత్రి వంటకు నిక్షేపంగా పనికొస్తాయి.

అపోహ: కార్డు ఉంది కదా, చూసుకోవచ్చు.

మామూలు బ్యాంకు కార్డు మీద విదేశీ మార్పిడికి చాలా చోట్ల 3.5 శాతం తీసుకుంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు అటే పోతుంది. మీ కార్డుకు ఎంతో అడిగి తెలుసుకోండి. యంత్రం "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దని అక్కడి కరెన్సీయే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ రేటు వేస్తారు. కార్డులో విదేశీ వాడకం మొదట్లో ఆపేసి ఉంటుంది, ఇక్కడున్నప్పుడే యాప్‌లో తెరవండి.

అపోహ: పిల్లల ఇంట్లోనే కదా, మనకేం ఖర్చు.

ఎక్కువగా వినేది ఇదే. నాకు నచ్చనిదీ ఇదే. వారంలో ఐదు రోజులు పిల్లలు ఆఫీసుకు పోతారు, అమ్మానాన్నలు కిటికీ దగ్గర కూర్చుంటారు. శని, ఆదివారాల్లో ఆ లోటు తీర్చాలని కొడుకు టాక్సీ పిలుస్తాడు, హోటళ్ళకు తిప్పుతాడు. ఖర్చు రెండింతలు, తిరిగింది సగం. దిగిన మర్నాడే ఇద్దరికీ చెరొక ట్రావెల్ కార్డు ఇప్పించుకోండి. దుబాయ్‌లో అయితే అక్కడి మెట్రో, బస్సులకు వాడే నోల్ కార్డు; లండన్, సింగపూర్, న్యూయార్క్‌లలో విదేశాల్లో పనిచేసే కాంటాక్ట్‌లెస్ కార్డయినా సరిపోతుంది. దుబాయ్ మెట్రోలో సిల్వర్ నోల్ మీద ఒక జోన్‌లో 3 దిర్హాములు, ఎంత దూరమైనా 7.50, క్రీక్ (ఊరి మధ్య నీటిపాయ) దాటే అబ్రా పడవకు 1 దిర్హామే. మెట్రోలో గోల్డ్ అనే పై తరగతి పెట్టె ఎక్కితే రెట్టింపు పడుతుంది, బోర్డు చూసి ఎక్కండి. మెట్రోలో ఏదైనా తింటే 100 దిర్హాముల జరిమానా, చెనిక్కాయలు జేబులోంచి తీయొద్దు. మొదటిసారి కొడుకుతో కలిసి ఒక రూటు పోయిరండి. రెండోసారి అదే రూటు మీరిద్దరే.

అపోహ: బెంగళూరు ఎయిర్‌పోర్టు దాకా ఖర్చు లెక్కలోకి రాదు.

వస్తుంది. ఎయిర్‌పోర్టు బెంగళూరుకు మన వైపే, దేవనహళ్ళి దగ్గర ఉంది, ఊళ్ళోకి పోనక్కర్లేదు. పోయేటప్పుడు రెండు పెద్ద పెట్టెలుంటాయి కాబట్టి కారు తప్పదనుకున్నా, సాగనంపడానికి రెండో కారు ఎందుకో నాకర్థం కాదు. తిరిగొచ్చేటప్పుడు పొడులు అయిపోయి పెట్టెలు తేలికవుతాయి. పగటి విమానమైతే హైవే మీదికొచ్చి బస్సెక్కొచ్చు.