పోగు కాలిస్తే తెలిసేది

విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో బట్ట అసలు సంగతి తేల్చాలంటే అనుభవమున్న వ్యాపారి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తాడు. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి బూడిద. పాలిస్టరైతే ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూస కడుతుంది. కొంత బూడిద, కొంత పూస మిగిలితే అది మిక్సింగు.

పత్తి సెల్యులోజ్, అంటే చెట్టు తయారుచేసుకున్న పదార్థం. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది. మంచినీళ్ల సీసాకు వాడే పీఈటీ ప్లాస్టిక్‌నే కరిగించి సన్నటి రంధ్రాల గుండా లాగితే దారమవుతుంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే దారంలో సగానికి పైగా ఇదే. చవక, నలగదు, తొందరగా ఆరుతుంది. కానీ ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని నూగు రాలి మురుగు కాలవలో కలుస్తుంది. మట్టిలో పడ్డ నూలు గుడ్డ కొన్ని నెలల్లో చివికిపోతుంది. ఈ నూగును అలా జీర్ణం చేసుకోగల సూక్ష్మజీవులు నేలలోనూ నీటిలోనూ దాదాపు లేవు. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు మనిషి రక్తంలోనే పీఈటీ కణాలను గుర్తించారు. అవన్నీ బట్టల నుంచే వచ్చాయని చెప్పలేం, కానీ బట్టలూ ఒక దారే.

అలాగని పత్తిని వెనకేసుకు రావడానికి గుంటూరు జిల్లా వాళ్లకు నోరు రాదు. ఒక్క టీషర్టుకు సరిపడా పత్తి పండాలంటే సుమారు 2,700 లీటర్ల నీళ్లు కావాలని ప్రపంచ సగటు అంచనా. నీళ్ల కంటే మన నల్లరేగడిని ఎక్కువ ఏడిపించింది పురుగు. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చాక మొదట్లో మందుల ఖర్చు తగ్గింది. పోనుపోను గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. అది కాయలోకి దూరి లోపలే తింటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి తగలదు. మందు తగిలేది కొట్టే మనిషికీ, ఆ తర్వాత పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్ల చేతులకూ. బీసెంటు రోడ్డులో చొక్కాకు కట్టిన ధరలో ఆ చేతులకు ముట్టేది ఎంత తక్కువో ఊహించుకోవచ్చు.

తర్వాత రంగు. దీని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ, జరిగే నష్టం మాత్రం ఎక్కువ. నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు దారాన్ని పట్టుకోవాలంటే తొట్టిలో బాగా ఉప్పు వేయాలి. ఉప్పు పని రంగును దారం వైపు తోయడమే, తాను ఖర్చు కాదు. వేసినదంతా, దారం పట్టుకోని రంగుతో సహా బయటికి పోతుంది. తమిళనాడులో తిరుప్పూరు అద్దకం నీళ్లు ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిసి దిగువ పొలాలను ఉప్పుబారేలా చేశాయి. రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లు మూసేయమని ఆదేశించింది. ఉప్పునీటిని వడగట్టే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. వాటి ఖర్చు ఎవరూ చొక్కా ధరలో కలపలేదు, అంతే. మంగళగిరి చేనేత నాకు ప్రాణం. గుంట మగ్గానికి కరెంటు అక్కర్లేదు. అయినా పడుగూ పేకా రంగులో మునిగేటప్పుడు కాస్టిక్ సోడా, హైడ్రోస్ లాంటి రసాయనాలు వాడతారు. ఆ నీటిని శుద్ధి చేసే భారం చిన్న అద్దకందారు ఒక్కడి మీదే పెడితే కుదరదు, ప్రభుత్వం పూనుకోవాల్సిందే.

కుట్టే మనుషుల సంగతికి ఒక్క తేదీ చాలు: 2013 ఏప్రిల్ 24. ఢాకా దగ్గర సవార్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. అదే భవనంలోని బ్యాంకు తన సిబ్బందిని రావొద్దంది. కుట్టు కార్మికులను మాత్రం జీతం పోతుందని బెదిరించి లోపలికి పంపారు. ఆర్డరు గడువు దగ్గరపడింది.

ఇంట్లో బట్ట పాతబడ్డాక ఏమవుతుంది? స్టీలు సామాన్లు ఇచ్చి పాత బట్టలు తీసుకునేవాళ్లు ఒక్కో గుడ్డా వెలుతురుకు పట్టి చూస్తారు. బాగున్నవి మళ్లీ అమ్ముడుపోతాయి. చిరిగిన నూలు గుడ్డకూ విలువుంది, ఆటోనగర్ మెకానిక్కు నూనె తుడుచుకోవడానికి అదే కావాలి. పాలిస్టర్ నూనెను అంత బాగా పీల్చదు. మిక్సింగుతో ఇంకా కష్టం. పత్తినీ ప్లాస్టిక్‌నూ కలిపి వడికిన పోగును మళ్లీ విడదీయడం రసాయన ప్రయోగశాలల్లో సాధ్యమే కానీ, ఊరంతటి బట్టలకు సరిపోయేంత చవకగా ఇంకా కాలేదు. పానిపట్టు మిల్లుల్లో పాత ఉన్నిని చీల్చి దుప్పట్లు నేస్తారు. చీల్చినప్పుడల్లా పోగు పొట్టిదవుతుంది కాబట్టి అదీ ఎన్నోసార్లు సాగదు. ఉన్న చొక్కాను రెట్టింపు కాలం తొడిగితే దాని మీద పడ్డ నీళ్లూ రంగూ శ్రమా ఒక్కో రోజుకు సగమవుతాయి. మన చేతిలో ఇంతకన్నా పెద్ద ఉపాయం నాకు కనపడదు.

తయారీదారు చేతిలో ఉన్నది వేరు. మన దేశంలో ప్లాస్టిక్ ప్యాకింగును వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీలదేనని 2022లో నిబంధనలు గట్టిగా చెప్పాయి. చొక్కా చుట్టి వచ్చిన పల్చటి కవరుకు ఆ నిబంధన వర్తిస్తుంది. లోపలున్న పాలిస్టర్ చొక్కాకు వర్తించదు. దానికీ వర్తింపజేయాలి.