సంగీతం నేర్చుకుని సినిమాకు పాడటం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మూలపేటలో పిల్లలకు సంగీతం చెబుతాను. పిలుపొస్తే మద్రాసు వెళ్లి ట్రాకులు (అసలు గాయకులు పాడేముందు నమూనాగా పాడేవి), కోరస్‌లు పాడి వస్తాను. పిల్లల్ని చేర్చడానికొచ్చే అమ్మానాన్నల నోట ఏళ్లుగా వింటున్న మాటలివి.

అపోహ: "బాలు గారు ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా? మావాడికి మాత్రం ఈ సరళీ వరసలెందుకు?" (సరళీ వరసలంటే సంగీతంలో మొదట నేర్పే స్వర సాధన.)

మా ఊళ్లో ఈ మాట వినని సంగీతం టీచరు ఉండరు. గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే చాలాసార్లు చెప్పారు. కానీ వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథకులు. చెవి ఇంట్లోనే తయారైంది. 'శంకరాభరణం' పాటలు సంగీత దర్శకులు మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు విడమరిచి చెబితే పట్టుకుని పాడారు, జాతీయ అవార్డు వచ్చింది. అదే సినిమాకు అవార్డు అందుకున్న వాణీ జయరాం గారు మాత్రం చిన్నప్పటి నుంచి శాస్త్రీయం నేర్చినవారు. వినగానే పట్టే చెవి మీవాడికి పుట్టుకతో ఉంటే సంతోషం. లేకపోతే దాన్ని తెచ్చేవి సరళీ వరసలే.

అపోహ: కృతులు పాడేవాళ్లకు సినిమా పాట ఒక లెక్కా?

నేనూ అలాగే అనుకుని వెళ్లాను. కచేరీలో గొంతు చివరి వరసకు వినపడాలి. స్టూడియోలో మైకు జానెడు దూరంలో ఉంటుంది. 'ప', 'భ' అంటే గాలి దెబ్బ, ఊపిరి తీస్తే అదీ రికార్డవుతుంది. తంబురా ఉండదు, హెడ్‌ఫోన్లో తాళం కోసం పెట్టే క్లిక్ టక్‌టక్‌మంటుంది. నా శృతి, అంటే నా గొంతుకు అనువైన ఆధార స్వరం, ఐదు. పాట ఏ శృతిలో కట్టారో అందులోనే పాడాలి. మొదటి రోజు పల్లవి కూడా పూర్తి కాకముందే "మేడం, ఆ ఊపుడు కొంచెం తగ్గించండి" అన్నారు ఇంజనీరు. పదేళ్లు కష్టపడి తెచ్చుకున్న గమకం ఆయనకు ఊపుడు! ఉక్రోషం వచ్చింది కానీ, పాట వింటే ఆయన మాటే నిజం. ఎక్కడ ఊపకూడదో నాకు ఎవరూ నేర్పలేదు.

అపోహ: ఇప్పుడు అన్నీ కంప్యూటరే సరిచేస్తుందటగా.

శృతి తప్పితే దగ్గరి స్వరానికి లాగుతుంది, నిజమే. తోడి రాగంలో గాంధారం ('గ' స్వరం) ఒకచోట నిలబడేది కాదు, ఊగుతూనే ఉండాలి. చూసుకోకుండా సరిచేస్తే దాన్నీ ఇస్త్రీ చేసి పెడుతుంది. అలాంటి చోట మొదటే సరిగ్గా పాడటం తప్ప దారి లేదు.

అపోహ: సినిమా పాటలు పాడితే శాస్త్రీయం పాడవుతుంది.

బాలమురళి గారు రెండూ పాడారు. గొంతు పాడయ్యేది తిరునాళ్ల ఆర్కెస్ట్రాల్లో, మన పాట మనకే వినపడక మూడు గంటలు అరిచినప్పుడు.

అపోహ: చేపల పులుసు తింటే గొంతు పోతుంది.

అన్నం వెళ్లే దారి వేరు, స్వరతంత్రులుండే దారి వేరు. రాత్రి పదింటికి కారంగా తిని వెంటనే పడుకుంటే పుల్లటి తేపులు గొంతుదాకా వస్తాయి, చేటు అదీ. పులుసు మధ్యాహ్నం తినండి. మానమంటే నేనే మానలేను.

అపోహ: ఒక్క పాట హిట్టయితే జీవితాంతం డబ్బులే.

2012 చట్ట సవరణతో గాయకులకు రాయల్టీ హక్కు వచ్చింది, వసూలుకు గాయకుల సంఘమూ ఉంది (మొదట ఇస్రా, ఇప్పుడు ఇసామ్రా). ట్రాక్ పాడేవాళ్ల సంగతి వేరు. పెద్ద గాయని వచ్చి పాడగానే మన గొంతు తీసేస్తారు. ఒకసారి కావలి బస్సులో అలాంటి పాటే వచ్చింది. గొంతు ఆవిడది, చరణం చివర సంగతి (స్వరాల మెలిక) మాత్రం నేను వేసింది. ఆ ట్రాకు డబ్బులు ఇప్పటికీ రాలేదు.