డీఎక్స్7లో వార్మ్ సౌండ్ రాదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కీబోర్డ్ వాయించేవాళ్లు నలుగురు చేరితే చాలు, "డిజిటల్ సౌండ్ గాజుముక్కలా గుచ్చుకుంటుంది, అనలాగ్ అయితే వెన్నలా మెత్తగా, వార్మ్‌గా ఉంటుంది" అనే మాట వచ్చి తీరుతుంది. యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ మీద చాలాకాలంగా ప్యాచ్‌లు (సొంత శబ్దాల సెట్టింగులు) చేసుకుంటున్నవాణ్ని, ఆ మాట వింటే ఊరుకోలేను.

అపోహ: డిజిటల్ కాబట్టే చల్లగా ఉంటుంది.

1983లో వచ్చిన ఈ కీబోర్డుకు నాబ్‌ల వరస లేదు. ఒక చిన్న తెర, చదునైన బటన్లు, విలువలు మార్చడానికి ఒక స్లైడర్. వాటితో కుస్తీ పట్టే ఓపిక లేక చాలామంది కంపెనీ ముందే పెట్టిన శబ్దాలే (ప్రీసెట్లు) వాయించారు. గంటలు, ఎలక్ట్రిక్ పియానో లాంటి ఆ మెరుపు శబ్దాలే మెషీన్ స్వభావమని పేరుపడిపోయింది. ఇంకో వైపు, వార్మ్ అనగానే అందరూ చెప్పే 1984 నాటి అనలాగ్ సింథ్ రోలాండ్ జూనో-106లో శబ్దాన్ని పుట్టించే ఆసిలేటర్ పిచ్‌ని నడిపేది డిజిటల్ క్లాకే!

అపోహ: ఫిల్టర్ లేనిదే ఆ మెత్తదనం రాదు.

గొడవంతా ఇక్కడే. మినీమూగ్ లాంటి అనలాగ్ సింథ్‌లో ముందు హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) నిండుగా ఉన్న తరంగం పుడుతుంది, తర్వాత ఫిల్టర్ పైవాటిని కోస్తుంది. నోటు మోగుతుండగా ఆ కోత కదులుతుంటుంది. చెవికి మెత్తగా తగిలేది ఆ కదలికే. డీఎక్స్7 వాడే ఎఫ్ఎం (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించే) పద్ధతిలో పని తిరగేసి జరుగుతుంది. ఉత్త సైన్ తరంగంతో మొదలై, దాన్ని కదిలించే తరంగం, అంటే మాడ్యులేటర్, లెవెల్ పెరిగేకొద్దీ హార్మోనిక్స్ పుడతాయి, తగ్గితే పోతాయి. కాబట్టి మాడ్యులేటర్ ఎన్వలప్పే (నోటు మోగుతుండగా దాని లెవెల్ ఎలా మారాలో చెప్పే సెట్టింగే) మన ఫిల్టర్.

చేసి చూడండి. ఆల్గరిథం 5 (ఆపరేటర్లను, అంటే సైన్ తరంగాలు పుట్టించే భాగాలను, కలిపే అమరికల్లో ఒకటి) తీసుకోండి: రెండేసి ఆపరేటర్ల జంటలు మూడు. ఆరింటికీ నిష్పత్తి (నొక్కిన నోటు పిచ్‌తో పోలిస్తే) 1.00. మోగేవి 1, 3, 5. వాటిని కదిలించే 2, 4, 6 లెవెల్ 75-80 మధ్య. మాడ్యులేటర్ ఎన్వలప్‌లో మొదటి లెవెల్ 99, మూడోది 80 దగ్గర పెట్టి, మధ్య రేట్లు నెమ్మది చేయండి. నోటు తెరుచుకుని, మెల్లగా మూసుకుంటుంది. 2, 4, 6కి వెలాసిటీ (కీ నొక్కిన వేగానికి స్పందన) కూడా ఇస్తే మెల్లగా నొక్కినప్పుడు మసకగా, గట్టిగా కొట్టినప్పుడు బ్రాస్‌లా పలుకుతుంది. పై కీల దగ్గర గీరుగా వినిపిస్తే లెవెల్ స్కేలింగ్‌తో (కీని బట్టి లెవెల్ మార్చే సెట్టింగ్) అక్కడ మాత్రమే మాడ్యులేటర్లను దించండి. ఈ ఒక్క పని చాలామంది వదిలేస్తారు.

అపోహ: డీట్యూన్ ఎంత పెంచితే అంత వార్మ్.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక రిసెప్షన్ ప్రోగ్రాంకి ప్యాడ్ (వెనక పరుచుకునే నిడివి శబ్దం) ఇంకా లావుగా రావాలని, పిచ్‌ని కొద్దిగా మాత్రమే జరిపే డీట్యూన్ బదులు ఒక జంటకి ఫైన్ (నిష్పత్తిని వందో వంతు చొప్పున పెంచే సెట్టింగ్) ఒక్క అంకె జరిపాను. నిష్పత్తి 1.01 అయింది. 440 హెర్ట్జ్ పక్కన 444.4 మోగుతోందన్నమాట, సెకనుకి నాలుగుసార్లకు పైగా ఊపు. పై స్థాయిలో అది రెట్టింపు. పల్లవి మధ్యలో గాయని వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, పాపం ఆవిడకు శ్రుతి దొరకలేదు. తంబురాలో రెండు సారణి తీగలు మీటితే నాదం పారాలి కానీ వణకకూడదు కదా, ఇదీ అంతే. డీట్యూన్‌లో ఒక జంటకి -2, ఒకదానికి 0, ఇంకోదానికి +2 చాలు. జంటలోని రెండు ఆపరేటర్లకూ అదే అంకె ఇవ్వండి.

అపోహ: కోరస్ వేస్తే సరిపోతుంది.

జూనో అందంలో సగం దాని కోరస్‌దే (శబ్దానికి కొద్దిగా తేడా ఉన్న నకళ్లను కలిపే ఎఫెక్ట్), కాదనను. కానీ గీరుగా ఉన్న ప్యాచ్‌కి కోరస్ వేస్తే ఆ గీరు వెడల్పవుతుంది, అంతే.

కీబోర్డ్ లేదంటారా? కంప్యూటర్‌లో నడిచే డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్‌లో ఇవే ఆరు ఆపరేటర్లు, ఇవే అంకెలు. పైగా అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి, నాలా బటన్లతో కుస్తీ అక్కర్లేదు.