ఘోస్ట్ ప్లాంటుకు మన ఎండ కాదు, మన తేమే గండం

సక్యులెంట్ (ఆకుల్లో నీళ్లు దాచుకునే దళసరి మొక్క) అంటే ఎడారి మొక్క కదా, మన ఎండలు దానికో లెక్కా అనుకుంటారు చాలామంది. లెక్కే, ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆకులు కాలతాయి. కానీ శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా దీన్ని ఎక్కువగా చంపేది జూలై నుంచి అక్టోబరు దాకా ఆరని కుండీ మట్టి, రాత్రయినా తగ్గని ఉక్క. ఆ రెండూ చూసుకుంటే ఘోస్ట్ ప్లాంట్ మొండి మొక్కే. శాస్త్రీయంగా గ్రాప్టోపెటాలం పరాగ్వాయెన్సే, పుట్టిల్లు మెక్సికో. దళసరి ఆకులు పువ్వు రేకుల్లా చుట్టూ పేర్చుకుని ఉంటాయి. నీడలో నీలం కలిసిన బూడిద రంగు, బాగా ఎండ తగిలితే గులాబీ, లేత ఊదా, ఒక్కోసారి పసుపు ఛాయ కూడా.

ఇది గాలి పీల్చేది రాత్రిపూట. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి చీకటి పడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, పుల్లటి మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక రంధ్రాలు మూసేసి, ఆ ఆమ్లంలోంచి గ్యాసును విడదీసి ఎండ సాయంతో చక్కెర చేసుకుంటుంది. ఈ పద్ధతి గురించిన తొలి ఆధారాల్లో ఒకటి మన దేశంలో పనిచేసిన మనిషి నుంచే వచ్చింది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న బెంజమిన్ హైన్, 1813 నాటి ఒక ఉత్తరంలో, రణపాల ఆకు పొద్దున్న పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని చెప్పాడు. రణపాలది, ఘోస్ట్ ప్లాంటుది ఒకే కుటుంబం. (అలాగని దీన్ని కొరికి చూడక్కర్లేదు.)

రాత్రి చల్లగా ఉంటే ఈ పని బాగా సాగుతుంది, మరీ వేడిగా ఉంటే రంధ్రాలు సరిగా తెరుచుకోవు. అందుకే మనవైపు పిలకలు చేసుకోవాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, రంగు కూడా అప్పుడే తేలుతుంది.

పిలక కోసం ఆకును కత్తిరించకండి. మెల్లగా అటూ ఇటూ తిప్పితే మొదలుతో సహా ఊడి వస్తుంది. కొత్త వేరూ కొత్త మొక్కా పుట్టేది ఆ మొదట్లోని కణాల నుంచే, కాబట్టి అది తెగి కాండానికే ఉండిపోతే ఆకు ఎన్నాళ్లు దాచినా మొలకెత్తదు. గాయం ఆరేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత పొడి మట్టి మీద ఊరికే పడేయండి, పాతిపెట్టొద్దు. సన్నని గులాబీ రంగు వేర్లు వచ్చాక కాస్త తడి చాలు. తల్లి ఆకు తన నీళ్లు, ఆహారం పిల్లకిచ్చి వడలిపోతుంది, దాన్ని లాగేయకండి. కాండం సాగి బోసిగా కనిపిస్తే తల కోసి, ఆరబెట్టి నాటండి, మిగిలిన మోడు కూడా పిలకలేస్తుంది.

మట్టిలో సగం ముతక ఏటి ఇసుక, ఇటుక ముక్కలు ఉండాలి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు. ఉద్దానం వైపు కొబ్బరి పొట్టు తేలిగ్గా దొరుకుతుందని కుండీ నింపేస్తే అది నీళ్లు పట్టుకుని వేరును కుళ్లబెడుతుంది. అడుగున కన్నం ఉన్న మట్టి కుండీ అన్నిటికంటే నయం.

ఆకుల మీది తెల్లటి పొడి దుమ్ము కాదు, ఎండ నుంచీ నీటి నుంచీ కాపాడే మైనం. వేలితో తుడిస్తే ఆ ఆకు మీద మళ్లీ సరిగా రాదు, కాబట్టి పైనుంచి నీళ్లు చల్లకుండా మట్టికే పోయండి. వాన కాలం మొదలయ్యేటప్పటికే కుండీలను వెలుతురు, గాలి ఉన్న వసారాలోకి చేర్చండి. తుపాను హెచ్చరిక వచ్చాక మార్చినా అప్పటికే మట్టి నానిపోయి ఉంటుంది. ఆకుల మధ్య దూదిలాంటి తెల్లటి ముద్దలు కనిపిస్తే మాత్రం అది మైనం కాదు, పిండినల్లి అనే పురుగు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ కుండీని మిగతా వాటికి దూరంగా పెట్టండి.