వీణ పాడైపోయిందని ఎవరు చెప్పారు? అపోహలు – వాస్తవాలు

గత నెలలో అడయారు నుంచి ఒక తల్లి, కూతురు ఆటోలో వచ్చారు. పాత దుప్పటి చుట్టిన వీణను ఇద్దరూ కలిసి పసిబిడ్డను దించినట్టు దించారు. ఆ పెద్దావిడ పెళ్లికి నెల్లూరులోని పుట్టింటివారు కొనిచ్చిన వీణ అట. అంతకు ముందురోజు ఒక దుకాణంలో చూపిస్తే, "చెక్క చచ్చిపోయిందండీ, మార్పిడి కింద ఇచ్చేయండి, కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తాం" అన్నారట. వీణను నా బల్ల మీద పెట్టాక కూడా ఆవిడ దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "దీనికి ఇంక ప్రాణం లేనట్టేనా నాయనా?" అని అడిగారు.

దండి, అంటే మెట్లుండే పొడవాటి భాగం, నిటారుగా ఉంది. నాదం పలికే గుండ్రటి కుండను వేలితో తడితే మోత నిండుగా వచ్చింది. పురుగు పట్టిన జాడ లేదు. పాడైనదల్లా మైనం.

మైలాపూరులో ఇరవై రెండేళ్లుగా వీణలు, తంబురాలు బాగుచేస్తున్నాను. "చెక్క చచ్చిపోయింది" అన్న మాట విని నా దగ్గరికి వచ్చినవారి లెక్క నాకే తెలియదు. విని నా దగ్గరికి రానివారి సంగతే నన్ను బాధపెడుతుంది. వాళ్ల వీణలు ఎంతకో ఒకంతకు పోయాయి. ఈ ఒక్క అపోహ గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిగిలినవి దారిలో తగిలినప్పుడు చెబుతాను.

అపోహ: మెట్ల మీద స్వరం తప్పుతోంది కాబట్టి చెక్క పాడైపోయింది.

వాస్తవం: వీణ మెట్లు, అంటే స్వరం కోసం తీగను నొక్కే అడ్డకమ్మీలు, చెక్కలో దిగి ఉండవు. దండికి రెండు పక్కలా పోసిన మైనపు గట్ల మీద కూర్చుని ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, కొందరు గుగ్గిలం కూడా చేర్చి, ఆ గట్లు కడతారు. తీగలు శ్రుతి చేసి, ఒక్కొక్క మెట్టునూ చెవితో వింటూ వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి నిలబెడతారు. మేళం కట్టడం అంటే అదే. ఇరవైనాలుగు మెట్లు, రెండు స్థాయిలు. వేలు నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కాస్త పెరుగుతుంది, ఆ పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకే కొలబద్దతో గీతలు గీసి మెట్లు పెడితే మేళం కుదరదు.

తేనెమైనం అరవై రెండు, అరవై నాలుగు డిగ్రీల వేడికి కరుగుతుంది, కానీ మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టిన వీణకు ఏమవుతుందో ఊహించుకోండి. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులోనైతే ఇంకా ఘోరం. మెట్లు ఒక పక్కకు ఒరుగుతాయి, కుంగుతాయి. మరోవైపు, ఏళ్ల తరబడి వాయించని వీణలో మైనం ఎండి, పెళుసెక్కి, పొడిపొడిగా రాలుతుంది. రెండింటిలోనూ స్వరం తప్పుతుంది, రెండింటిలోనూ చెక్కకు ఏమీ కాదు. మైనం తరిగి, కొత్తది పోసి, మళ్లీ మేళం కడితే సరిపోతుంది. వాయించేవారి వీణకు కొన్నేళ్లకొకసారి ఈ పని పడుతూనే ఉంటుంది. ఇది జబ్బు కిందికి రాదు. దీనికయ్యే ఖర్చు కొత్త వీణ ధరలో చిన్న భాగం.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ముందు తీగలు మార్చండి. తుప్పు పట్టిన తీగ ఏ మెట్టు మీదా నిజం చెప్పదు. తర్వాత సారణిని, అంటే ప్రధానంగా వాయించే తీగను, శ్రుతి చేసి పన్నెండో మెట్టు మీటండి. సరిగ్గా పై షడ్జమం పలకాలి. మెట్లు పైకి వెళ్లే కొద్దీ తేడా క్రమంగా పెరుగుతూ ఉంటే, కుండ మీద తీగలు ఆనే గుర్రం తన చోటు నుంచి జరిగింది. దాన్ని సరిచేయడం ఐదు నిమిషాల పని. ఒక మెట్టు సరిగా పలికి పక్కది తప్పి, మళ్లీ ఇంకొకటి సరిగా పలుకుతుంటే అది మైనం. ఆ తర్వాత దండి కొసన చెక్కిన యాళి తల వైపు నుంచి ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్కను చూసినట్టు దండి పొడవునా చూడండి. దండి వంగి, మధ్య మెట్ల దగ్గర తీగ బాగా ఎత్తులో నిలిస్తే, అది నిజమైన సమస్య. సన్నని రంధ్రాల్లోంచి పొడి రాలుతుంటే అదీ నిజమైన సమస్యే. ఇవి లేకుండా చెక్క చచ్చిపోయిందని ఎవరైనా అంటే, ఎక్కడ చచ్చిందో వేలు పెట్టి చూపించమనండి.

తీగ గరగరమంటోందని వచ్చేవారు ఇంకొందరు. వాళ్లలో సగంమంది అప్పటికే ఎవరి చేతనో గుర్రం మీద రేకును ఆకురాయితో చదును చేయించి వస్తారు. ఆ వీణలను చూస్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. వయొలిన్ గుర్రంలా వీణ గుర్రానికి పదునైన అంచు ఉండదు. మీద వెడల్పాటి లోహపు రేకు, దానికి కంటికి ఆనీ ఆనని వంపు. తీగ ఆ వంపును తాకీ తాకకుండా కదులుతుంది కాబట్టే వీణ నాదంలో ఆ మెరుపు, ఆ నిడివి. సి.వి.రామన్ 1921లో మన తంత్రీవాద్యాల మీద రాసిన పరిశోధన పత్రంలో ఈ సంగతే పట్టుకున్నారు. తీగ పలికినప్పుడు మూల స్వరంతో పాటు పుట్టే పై స్వరాలను అనుస్వరాలంటారు. తీగను మీటిన చోట కదలని బిందువు ఏర్పడే అనుస్వరాలు వినిపించకూడదని పాశ్చాత్య శాస్త్ర నియమం. వీణ, తంబురా గుర్రాల మీద ఆ నియమం నిలవదని ఆయన చూపించారు. తంబురాలో నూలుపోగు పెట్టి ఆ జీవాన్ని పట్టుకుంటాం. వీణలో ఆ పనంతా రేకు వంపే చేస్తుంది.

మా గురువుగారు మొదటి మూడు నెలలూ నా చేత ఇంకే పనీ చేయించలేదు. పాత రేకు ఒకటి ఇచ్చి రుద్దమనేవారు, బిగించి మీటేవారు, మాట్లాడకుండా తిరిగి చేతికిచ్చేవారు. ఒకరోజు మీటి, కళ్లు మూసుకుని, తీగ మోత ఆగేదాకా అలాగే ఉండిపోయారు. పని వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ఎండాకాలం తర్వాత గరగర మొదలైతే, దాదాపు ఎప్పుడూ రేకు కింది లక్క వదులై ఉంటుంది. రేకును మళ్లీ అతికించి వంపు సరిచూస్తే చాలు. దయచేసి ఆకురాయి పట్టనివ్వకండి.

అపోహ: నీళ్లలో తడిసిన వీణను వెంటనే ఎండబెట్టాలి.

2015 డిసెంబరు వరదల తర్వాత కోట్టూరుపురం, సైదాపేట వైపు నుంచి వరసగా వీణలు వచ్చాయి. మేడ మీద ఎండలో పెట్టినవి కుండ మీద మూతలా ఉండే పలక అడ్డంగా విచ్చుకుని వచ్చాయి. తడిగుడ్డతో బురద తుడిచి, తీగలు వదులు చేసి, గాలి ఆడే నీడలో వారాల తరబడి ఉంచినవాటిలో చాలావరకు ఈ రోజుకూ పలుకుతున్నాయి. వీణలు చేసే పనస చెక్క నీటిని ఓర్చుకుంటుంది. పైపొర ఒక్కసారిగా ఆరి, లోపలి పొర తడిగానే ఉంటే మాత్రం ఏ చెక్కా ఓర్చుకోలేదు. ఏసీ గదిలో వీణ పెట్టేవారికి కూడా ఇదే లెక్క. రాత్రంతా ఏసీ, పగలంతా సముద్రపు గాలి అంటే చెక్కను రోజూ పిండి తడుపుతున్నట్టే. ఏదో ఒక గదిలో స్థిరంగా ఉంచండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. నూలు గుడ్డ చాలు.

అపోహ: పాత వీణకు మెరుపు పూత వేయిస్తే విలువ, నాదం పెరుగుతాయి.

పెరగవు. పలక మీద మందపాటి పూత చెక్క కదలికను అణిచేస్తుంది. పాత లక్కపని, చిత్రాలు ఆ పూత కింద కప్పడిపోతాయి, మళ్లీ రావు. చైనాలో గూచిన్ అనే ఏడు తీగల వాద్యం ఉంది. దాని లక్క పూతలో వందల ఏళ్లకు ఏర్పడే సన్నని పగుళ్లను వాళ్లు పేర్లు పెట్టి మరీ గౌరవిస్తారు. మన ఇళ్లలో ఆ వయసు గుర్తులనే గీకించి పారేస్తున్నాం.

అసలు రహస్యమంతా పూతలోనే ఉందని, ఇటలీలో స్ట్రాడివరీ అనే పనివాడు చేసిన వయొలిన్ల కథ చెప్పి వాదించేవారున్నారు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ వయొలిన్ల పూతను పరీక్షిస్తే నూనె, బంక, రంగు తప్ప వింత పదార్థమేదీ కనబడలేదు. ఇంకొక మాట. 1737లో పోయిన ఆ మహానుభావుడి వాద్యాలలో ఈ రోజు వేదికలెక్కేవాటికి దాదాపు అన్నింటికీ తర్వాతివాళ్లు మెడ మార్చారు, లోపలి బద్దీ మార్చారు. మారిన శ్రుతికి, పెరిగిన బిగువుకు అది అవసరమైంది. మరమ్మతు చేయిస్తే వాద్యం అసలుతనం పోతుందని బెంగపడేవారికి ఈ సంగతి చెబుతుంటాను.

అపోహ: వీణ వేదకాలం నుంచి ఇలాగే ఉంది, ఏది మార్చినా అపచారం.

ఈ బెంగతో వచ్చేవారిని నేను తొందరపెట్టను. పూజగదిలో ఉండే వస్తువు అది. దండి కింద ఆనించే సొరకాయ బుర్ర పగిలితే ఫైబరుది బిగించవచ్చా అని ఒక పెద్దాయన రెండుసార్లు వచ్చి, అడగలేక వెనుదిరిగారు. మూడోసారి నేనే కూర్చోబెట్టి చెప్పాను. సముద్రగుప్తుడి నాణెం మీద రాజు ఒడిలో ఉన్న వీణ విల్లులా వంగి ఉంటుంది, దానికి మెట్లే ఉండవు. ఇరవైనాలుగు స్థిరమైన మెట్లతో ఇప్పుడు మనం చూసే రూపం పదిహేడో శతాబ్దంలో తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందని సంప్రదాయం చెబుతుంది. తెలుగులో కావ్యాలు రాసిన రాజు కొలువులో స్థిరపడ్డ వాద్యం మనది. అది మారుతూనే వచ్చింది. ఆయన ఫైబరు బుర్ర బిగించుకుని, పసుపు కుంకుమ పెట్టి తీసుకెళ్లారు.

ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణ మాత్రమే మంచిదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, తంజావూరులో ఒకే దుంగ వీణలు చేసే చేతులు గొప్పవే. కానీ పలక మందం సరిగా లేని ఏకాండి కంటే చక్కగా అతికిన మూడు ముక్కల వీణ బాగా పలుకుతుంది. కొనేటప్పుడు చెవి నమ్మండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు వీణ పంపేవారికి ఒక ముఖ్యమైన సంగతి. పనస చెక్కతో ఇబ్బంది లేదు. మైసూరు వైపు వాడే రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని 2017లో అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చినా, తయారైన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికింది. అసలు చిక్కు ఏనుగు దంతంతో. పాత వీణల అంచుల్లో, తీగలు బిగించే బిరడల మీద తెల్లటి పని నిజమైన దంతం కావచ్చు. దాన్ని అమ్మడం, దేశం దాటించడం నేరం. పంపే ముందు తెలిసినవారికి చూపించండి. విమానాశ్రయంలో వీణ ఆగిపోతే ఆ కుటుంబం పడే వేదన నేను దగ్గర నుంచి చూశాను.

అడయారు వీణకు మేళం కట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆ పెద్దావిడ ఒక్కరే వచ్చారు. ముప్పై ఏళ్లుగా వాయించలేదట. వేళ్లు గుర్తుపడతాయో లేదో అంటూనే నేల మీద కూర్చుని, సరళీ స్వరాలు మొదలుపెట్టారు. మొదటి కాలం నెమ్మదిగా, తడుముకుంటూ సాగింది. రెండో కాలానికి వచ్చేసరికి ఆవిడ తల ఎత్తారు, మెట్ల వైపు చూడటం మానేశారు. మీటి చూసి సరిచూడాల్సిన మెట్లు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి, కానీ ఆవిడను ఆపలేక పక్కన కూర్చుని వింటూ ఉండిపోయాను.